పాత ఊరు ఎక్కడ అయిపోతుంది?

‘‘ఇక్కడితో పాత ఊరు అయిపోయిందండీ. ఇక వెనక్కు తిరుగుదాం’’ అన్నారు మాకు ఊరు చూపిస్తున్న పెద్దాయన. జగ్గయ్యపేట బజార్లలో అప్పటికి మూడు గంటలుగా నడుస్తున్నాం. నేను, నా విద్యార్థులు పద్దెనిమిది మంది, స్థానిక చరిత్ర మీది మమకారంతో విశ్రాంత జీవితాన్ని దానికే వెచ్చిస్తున్న ఆ మాస్టారు. ఆయన వెనుదిరిగిన చోట ఒక మురుగు కాలువ, దాని మీద చిన్న కల్వర్టు ఉన్నాయి. కల్వర్టుకు అవతల అంబేద్కర్ విగ్రహం, విగ్రహం వెనుక ఇళ్లు. మా విద్యార్థులలో ఒకడి ఇల్లు అక్కడే. ‘‘మాస్టారూ, మా పేట వైపు వెళ్లమా?’’ అని అడిగాడు. ‘‘అక్కడ చూడడానికి ఏముంది బాబూ?’’ అన్నారాయన.

ఆ మాటలో ద్వేషం లేదు, వెటకారమూ లేదు. పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి ఎంతో ఆప్యాయంగానే అన్నారు. ఆలోచించవలసింది ఆ ఆప్యాయత గురించే. ఊరిని ప్రాణంగా ప్రేమించే మనిషికి కూడా ఊరు ఒక కాలువ దగ్గర అయిపోతుంది. నగరాలలో వారసత్వ నడకలు కొంతకాలంగా ప్రచారంలోకి వచ్చాయి. చిన్న పట్టణాలకూ అవి రావడం మంచిదే. అయితే నడకకు ఒక దారి ఉంటుంది. ఆ దారిని ఎవరో నిర్ణయిస్తారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తలెత్తి చూడాలో, ఎక్కడ వెనుదిరగాలో చెప్పే ఆ దారి కూడా ఒక చరిత్ర రచనే. దానిని కులం కోణంలో చదవడం మనం ఇంకా మొదలుపెట్టలేదు.

ఆ రోజు నడక మొదలైంది ధనంబోడు మీద. జగ్గయ్యపేటను ఆనుకుని ఉన్న ఈ గుట్ట మీదనే 1882లో జేమ్స్ బర్జెస్ బౌద్ధ స్తూపాన్ని తవ్వించి, 1887లో అమరావతి స్తూపంతో కలిపి దాని వివరాలను గ్రంథంగా ప్రచురించాడు. చేయి చాచి నాణేల వాన కురిపిస్తున్న చక్రవర్తి శిల్పఫలకం ఇక్కడిదే. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మాస్టారు చక్రవర్తి గురించి చెప్పారు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని గురించి చెప్పారు. ఆ రాజు 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దిలో, ఇక్కడ శాసనం వేశారని చెప్పారు. విద్యార్థులు రాసుకున్నారు. ఆ శాసనం వేయించినదెవరో మాత్రం ఆయన చెప్పలేదు, వారు అడగలేదు.

స్తూపం తూర్పు ద్వారం వద్ద అయిదు ఆయక స్తంభాలను దానం చేసినవాడు రాజు కాదు, రాజబంధువు కాదు. అతని పేరు సిద్ధార్థుడు. శాసనం అతనిని ‘ఆవేశని’ అంటుంది. అంటే శిల్పి, చేతిపనివాడు. తండ్రి నాగచంద్రుడూ ఆవేశనియే. సిద్ధార్థుడు ఆ పుణ్యాన్ని ఒక్కడే తీసుకోలేదు. తల్లి, భార్య, కొడుకు, కూతురు, సోదరుడు, అతని భార్య, వారి పిల్లలు, అందరి పేర్లూ రాతి మీద చెక్కించాడు. సుమారు 17 శతాబ్దాల కిందట మన మెట్ట సీమలో ఒక పనివాడి ఇంట ఆడవారి పేర్లు, పసిపిల్లల పేర్లు రాతికెక్కాయి. రాజు పేరు అందులో తేదీ చెప్పడానికి ఉపయోగపడింది. మనం మాత్రం తేదీని పట్టుకుని దాతను వదిలేశాం.

ఇంకొక విచిత్రముంది. ఆ శాసనంలో ‘కమ్మకరఠ’ అనే ప్రాంతనామం కనిపిస్తుంది. తరువాతి కాలపు కమ్మరాష్ట్రం, కమ్మనాడు అదేనని పండితులు భావిస్తారు. ఈ ఒక్క పదాన్ని పట్టుకుని తమ కులం వేర్లు అక్కడున్నాయని చెప్పుకునే రచనలు తెలుగులో చాలా వచ్చాయి. నాడు అనేది నేలకు పేరు. వెలనాటి బ్రాహ్మణులు, పాకనాటి రెడ్లు అన్న మాటలలో వలె ఒక నాటి పేరు ఎన్నో కులాలకు అంటుకుంది. శాసనంలో ఆ నాటిని చెప్పింది ఒక చేతిపనివాడి ఊరి చిరునామాగా. చిరునామాను వారసత్వంగా స్వీకరించినవారు ఉన్నారు కానీ, ఆ చిరునామాలో నివసించిన పనివాడిని ఎవరూ స్వీకరించలేదు. శాసనాలు అందరివీ అంటాం. చదివేటప్పుడు మాత్రం ఎవరి పదాన్ని వారు ఏరుకుంటాం.

గుట్ట దిగి ఊళ్లోకి వచ్చాం. పూర్వం బేతవోలుగా ఉన్న ఈ ఊరికి 18వ శతాబ్ది చివరి కాలంలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేర పేట కట్టించాడు. అమరావతి పట్టణాన్ని నిర్మించినవాడూ ఆయనే. అక్కడ ఇళ్ల కోసం, కోనేరు కోసం దిబ్బలు తవ్వుతుంటే బయటపడిన పాలరాళ్ల వార్త విని కాలిన్ మెకంజీ వచ్చాడు, అమరావతి స్తూపం ప్రపంచానికి తెలిసింది. మా మాస్టారు నాయుడి దానధర్మాలను, ఆలయ నిర్మాణాలను తన్మయత్వంతో వర్ణించారు. అవన్నీ నిజమే. అదే నాయుడి గురించి కృష్ణకు రెండు దరులా చెప్పుకునే మరొక కథ ఉంది. దోపిళ్లు చేస్తున్నారన్న కోపంతో చెంచులను విందుకు పిలిపించి తలలు నరికించాడని, ఆ చోటే నరుకుళ్లపాడు అయిందని, ఆ పాప పరిహారానికే గుళ్లు కట్టించాడని ఆ కథ. కొందరు 150 మంది అంటారు, కొందరు అంతకంటే ఎక్కువ చెబుతారు. అంకె ఏదైనా, ఈ కథలో కూడా నాయుడి పశ్చాత్తాపమే మనకు మిగిలింది. చనిపోయిన ఒక్క చెంచు పేరు కూడా మిగలలేదు. చంపినవాడి దుఃఖం చరిత్ర అయింది, చచ్చినవారు ఊరి పేరులో క్రియాపదం అయ్యారు.

ఈ లోపం మాస్టారిది కాదు. ఆయన చదివిన ఆధారాలది. మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫియత్తులు తెలుగు స్థానిక చరిత్రకు అమూల్యమైన నిధి. కానీ వాటిని చెప్పిందెవరు? ఎక్కువగా కరణాలు, పూజారులు, ఊరి పెద్దలు. ఊరి పొలిమేర రాళ్ల జాడ తెలిసిన వెట్టివాడిని, చెరువు నీటి లెక్క తెలిసిన నీరటికాడిని, మోటకు తోలు తొండం కుట్టి ఈ మెట్ట భూములను తడిపిన మాదిగను కూర్చోబెట్టి ‘ఊరి చరిత్ర చెప్పు’ అని అడిగినవారు అరుదు. ఊరి సరిహద్దు తగాదాలో సాక్ష్యానికి పనికివచ్చిన జ్ఞాపకం ఊరి చరిత్రకు పనికిరాలేదు.

పాత బజారులో మాస్టారు ఒక వర్తకుల ఇంటి ముందు చాలాసేపు నిలబెట్టారు. చెక్కడపు పనితనమున్న కొయ్య స్తంభాలు, వీధి పొడవునా ఎత్తయిన అరుగు. ‘‘దారినపోయేవాడు ఎవడైనా కూర్చోవచ్చు. అరుగు అంటే అతిథ్యం. అదీ మన సంస్కృతి’’ అన్నారు. విద్యార్థులు అరుగు మీద కూర్చుని ఫొటోలు తీసుకున్నారు. మా పిల్లవాడు మాత్రం కూర్చోలేదు. ఆ క్షణంలో నేను దానిని గమనించాను గానీ పట్టించుకోలేదు.

కల్వర్టు దగ్గర ఆ ప్రశ్న వినబడేవరకు నేనూ మాట్లాడలేదని ఇక్కడ ఒప్పుకోవాలి. నేను పుట్టింది నందిగామ సమీపంలోని ఒక పల్లెలో. మా ప్రాంతంలో ‘ఊరు’ వేరు, ‘పల్లె’ వేరని చదువరులకు చెప్పనక్కరలేదు. బయలుదేరే ముందు మాస్టారు ఎంతో మర్యాదగా ‘‘ప్రొఫెసర్ గారూ, తమరి ఇంటిపేరు?’’ అని అడిగారు. నేను ఇంటిపేరు చెప్పకుండా విశ్వవిద్యాలయం పేరు చెప్పాను. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. పిహెచ్.డి. ఇచ్చిన ధైర్యం అంతవరకే పనిచేసింది. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు నేను అడగలేని ప్రశ్న అడిగాడు. అప్పుడు మాత్రం ‘‘మాస్టారూ, ఒక్క గంట, అటు కూడా వెళ్దాం’’ అన్నాను. ఆయన కాదనలేదు.

కుర్రవాడు మమ్మల్ని తన నాయనమ్మ దగ్గరకు తీసుకువెళ్లాడు. ఎనభై దాటిన మనిషి. వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది, ‘అయ్యా’ అని పిలిచింది. మాది ఫలానా ఊరి పల్లె అని చెప్పాను. ఒక్కసారి నన్ను ఎగాదిగా చూసి, ‘‘ఎవురి బిడ్డవు నాయనా? ఆ మాట ముందు సెప్పొద్దా? ఇట్టా కూకో’’ అంది. ఆ రోజు నేను నా ఊరి పేరుతో నన్ను నేను చెప్పుకున్నది అదే మొదటిసారి.

పాత బజారు గురించి అడిగితే నవ్వింది. ‘‘ఆ అరుగులు మాకెందుకు తెలవవు? సిన్నప్పుడు మాయమ్మతో గుడ్డ కొనుక్కోను పొయ్యేదాన్ని. మెట్టు కిందే నిలబడాల. డబ్బులు మెట్టు మీద పెడితే నీళ్లు సల్లి తీసుకునేవోళ్లు. గుడ్డ పైనుంచి ఇసిరేవోళ్లు. కిందపడకుండా పట్టుకోవాల. పడితే మాయమ్మ నన్నే కొట్టేది.’’

ఆమె తండ్రి ఊరి వెట్టి చేశాడట. పొలిమేర రాయి ఎక్కడుందో రాత్రి పూటైనా చూపించేవాడట. ఇళ్లు కట్టేటప్పుడు సున్నం ఎక్కడ కాల్చేవారో, గానుగలో ఎలా ఆడించేవారో, తట్టలు మోసిన ఆడవాళ్లకు కూలి ఏమిచ్చేవారో చెప్పింది. మాస్టారు పెన్ను తీశారు. ఆయనకు తెలియని సంగతులు అవి. ఆయన ముప్పై ఏళ్లుగా వెతుకుతున్న ఊరి నిర్మాణ చరిత్ర, ఆయన ఇంటికి కిలోమీటరు లోపు, ఒక నులక మంచం మీద ఉంది. తిరిగి వచ్చేటప్పుడు అదే బజారు మీదుగా వచ్చాం. అరుగు దగ్గర ఆయన ఆగలేదు, ఏమీ అనలేదు.

మధ్యాహ్నం బస్సులో విజయవాడ బయలుదేరాం. జాతీయ రహదారి మీద నందిగామ, ఆ తరువాత కంచికచర్ల. ఈ కొద్ది దూరంలో వారసత్వానికి కొదవ లేదు. మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి ఉంది. అక్కడి విగ్రహాలను రెండేళ్లకొకసారి రంగులు వేయడానికి ఊరేగింపుగా జగ్గయ్యపేటకు తెస్తారు. దేవత కూడా చేతిపనివాడి దగ్గరకు నడిచివచ్చే సంప్రదాయమది. సిద్ధార్థుడి తరువాత ఇన్ని శతాబ్దాలకూ ఈ ఊరు పనివాళ్ల ఊరేనని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యమేముంటుంది? గుమ్మడిదుర్రులో మరొక బౌద్ధ స్తూపం ఉంది. ఇవన్నీ ఏదో ఒక పర్యాటక ప్రణాళికలో చోటు సంపాదిస్తాయి.

కంచికచర్ల వచ్చినప్పుడు ‘‘కోటేశు ఎవరో తెలుసా?’’ అని అడిగాను. పద్దెనిమిది మందిలో ముగ్గురికి తెలుసు. ఆ ముగ్గురికీ కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవిత ద్వారా తెలుసు. కలేకూరిదీ కంచికచర్లే. 1968లో ఇక్కడ కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం నేరం మోపి, కట్టివేసి, సజీవంగా తగులబెట్టారు. పార్లమెంటులో దాని మీద గగ్గోలు పుట్టింది. అంటరానితనం నేరమని చట్టం చేసి అప్పటికి 13 ఏళ్లు. ఆ తరువాత 1985లో కారంచేడు, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1991లో చుండూరు. ఈ వరుసలో మొదట నిలిచే పేర్లలో కోటేశుది ఒకటి. నా చిన్నతనంలో, చీకటి పడ్డాక ఊళ్లోకి వెళ్తానంటే మా అమ్మ ఆ పేరే చెప్పి ఆపేది. ఇతర పిల్లలకు దయ్యాల కథలు చెబుతారు. మాకు కోటేశు కథ చెప్పేవారు. చరిత్ర శాఖలో పాఠం చెబుతున్న ఇన్నేళ్లలో ఆ పేరు నేను తరగతి గదిలో పలకడం ఆ రోజు బస్సులోనే మొదలైంది, అదీ తరగతి గది కాదు.

ఇతర దేశాలు తమ చీకటిని ఎలా చూపిస్తున్నాయో చూడాలి. అమెరికాలోని మాంట్‌గామరీలో 2018లో మూకహత్యలకు బలైన నల్లజాతివారి స్మారకం తెరిచారు. హత్య జరిగిన ఒక్కొక్క కౌంటీకి ఒక్కొక్క ఉక్కు స్తంభం చొప్పున ఎనిమిది వందలకు పైగా వేలాడుతుంటాయి. ప్రతి స్తంభానికీ జోడుగా మరొకటి బయట ఆవరణలో పడుకోబెట్టి ఉంటుంది. ఆ కౌంటీ ప్రజలు వచ్చి, తమ నేల మీద జరిగినదాన్ని ఒప్పుకుని, దానిని తీసుకువెళ్లి తమ ఊళ్లో నిలబెట్టాలని పిలుపు. తీసుకువెళ్లని ఊరి స్తంభం అక్కడే ఉండి ఆ ఊరిని అడుగుతూ ఉంటుంది. జర్మనీలో శిల్పి గుంటర్ డెమ్‌నిగ్ 1992 నుంచి, నాజీలు ఈడ్చుకుపోయినవారి ఇళ్ల ముందు కాలిబాటలో చిన్న ఇత్తడి ఫలకాలు పొదుగుతున్నాడు. యూరప్ అంతటా అవి లక్ష దాటాయి. పేరు చదవాలంటే తల వంచాలి. ఆ దేశాలలో జాతి వివక్ష అంతరించిందని కాదు. అయితే ఊరిని చూడవచ్చినవాడికి ఊరి నేరం కూడా చూపించవచ్చని, దానివల్ల ఊరి పరువు పోదని అవి నిరూపించాయి.

‘వారసత్వంలోకి కులాన్ని ఎందుకు లాగుతారు?’ అని కొందరు మిత్రులు అడుగుతారు. ఎవరూ లాగనక్కరలేదు. మా కృష్ణా మెట్టలో వీధిని బజారు అంటాం. కోమటి బజారు, కంసాలి బజారు, కుమ్మరి బజారు అని ఊరే తన కులపటాన్ని గీసుకుని ఉంది. కులం లేని దారిలో నడిచే అవకాశం మనకు లేదు. ఉన్న కులాలలో కొన్నింటినే చూపించి, దానికి ‘మన సంస్కృతి’ అని పేరు పెట్టడమే అసలు లాగడం.

రెండవ అభ్యంతరం మా వైపు నుంచే వస్తుంది. అది మరింత బరువైనది. ‘పేటను ప్రదర్శనశాల చేస్తారా? మా పేదరికం చూడడానికి టికెట్టు పెడతారా?’ అని. ఈ భయం న్యాయమైనది. కెమెరాలు వేసుకుని వచ్చి, గుడిసె ముందు ఫొటో దిగి, జాలిపడి వెళ్లే నడక మాకు వద్దు. ఆ రోజు కూడా నేను చేసినది సరైన పద్ధతి కాదు. ముందు చెప్పకుండా ఇరవై మందిని ఒక ముసలమ్మ వాకిట్లోకి తీసుకువెళ్లాను. ఆమె ఆదరించింది కనుక సరిపోయింది. పేటలోకి నడక వెళ్లాలంటే పేట పిలవాలి. ఏమి చెప్పాలో, ఏమి చెప్పకూడదో పేటే నిర్ణయించాలి. చూపించేవాడు పేట కుర్రవాడు కావాలి, అతనికి వేతనం ఉండాలి. గుడి, చర్చి, నైట్‌స్కూలు, విగ్రహం నిలబెట్టడానికి చేసిన పోరాటం, తొలి తరం ఉపాధ్యాయులు, డప్పు కళాకారులు, ఇవన్నీ అక్కడి వారసత్వమే. అవమానం ఒక్కటే మా చరిత్ర కాదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ధనంబోడు మీద సిద్ధార్థుడి శాసనాన్ని, అతని ఇంటివారి పేర్లతో సహా, తెలుగులో పూర్తిగా రాసి పెట్టాలి. అరుగు దగ్గర ఆగినప్పుడు పైనుంచి ఒక మాట, కింద నుంచి ఒక మాట, రెండూ చెప్పాలి. నందిగామ దారిలో వెళ్లే ఏ చారిత్రక యాత్ర అయినా కంచికచర్లలో ఒక్క నిమిషం ఆగి కోటేశు పేరు పలకాలి. నందిగామ శాసనసభ స్థానం 2009 నుంచి ఎస్సీలకు రిజర్వుడు. 2022లో కొత్త జిల్లా వచ్చింది, నందిగామ రెవెన్యూ డివిజన్ అయింది. శాసనసభలో దొరికిన చోటు ఊరి జ్ఞాపకంలో ఇంకా దొరకలేదు. దానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. కళాశాల చరిత్ర శాఖలు ప్రతి విద్యార్థి చేతా తన తాత, నాయనమ్మ, అమ్మమ్మల జ్ఞాపకాలను వారి మాటలలోనే రాయించి, మార్కులు ఇచ్చి, భద్రపరిస్తే చాలు. ఆ పని నా శాఖలో ఈ ఏడాది మొదలుపెట్టాను. ఇరవై ఏళ్లు ఆలస్యంగా.

ఆలస్యం అన్న మాట ఊరికే అనడం లేదు. కైఫియత్తులు కాగితం మీద ఉన్నాయి, శాసనం రాతి మీద ఉంది. మెట్టు మీద చల్లిన నీళ్ల సంగతి మాత్రం ఎనభై దాటిన కొందరి మనసుల్లోనే ఉంది. వెళ్లి వస్తామని లేచినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని, ‘‘ఇయ్యన్నీ ఎందుకు నాయనా రాసుకుంటన్నారు? ఎవురు సదువుతారు?’’ అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. పక్కనున్న మనవడు ‘‘నేను సదువుతా నాయనమ్మా’’ అన్నాడు. ఆ జవాబు నిజం చేయవలసినది మనం. అది కూడా ఆమె ఉండగానే.